పేరు బాకీ

జర్మనీలో హాన్ అనే చిన్న ఊరు ఉంది. దాని పక్కన ఒకప్పుడు అమెరికా వాయుసేన స్థావరం ఉండేది. సైన్యం వెళ్లిపోయాక ఆ రన్‌వే మీద చౌక టికెట్ల విమానాలు దిగడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నగరం సుమారు 120 కిలోమీటర్లు. ఇంచుమించు విశాఖపట్నం నుంచి అరకు ఎంత దూరమో అంత. అయినా టికెట్ మీద అచ్చయ్యే పేరు ఫ్రాంక్‌ఫర్ట్-హాన్. పారిస్ పేరు చెప్పుకునే బోవేది, బ్రస్సెల్స్ పేరు తగిలించుకున్న షార్లెరువాది, స్టాక్‌హోమ్‌కు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న స్కావ్‌స్టాది కూడా ఇదే సంగతి. నగరంలోని పెద్ద విమానాశ్రయంలో దిగాలంటే రుసుములు ఎక్కువ, కోరిన వేళ దొరకదు, విమానం నేల మీద నిలబడే ప్రతి నిమిషమూ నష్టమే. అందుకే రైయన్‌ఎయిర్ వంటి సంస్థలు ఊరికి దూరంగా, అడిగేవాళ్లు లేక పడి ఉన్న రన్‌వేలను వెతుక్కున్నాయి. దిగేది పల్లెటూళ్లో అయినా పెద్ద ఊరి పేరు అరువు తెచ్చుకుంటేనే టికెట్ అమ్ముడవుతుంది. అందుకే ఐరోపాలో ఇలాంటి రెండో విమానాశ్రయాలు నగరాలకు పేరు బాకీ పడ్డాయి.

మన భోగాపురం ఆ అరువు నగరం దగ్గర చేయలేదు, కొండల దగ్గర చేసింది. విశాఖకు ఈశాన్యాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, విజయనగరం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా దాదాపు 2,200 ఎకరాల్లో జీఎంఆర్ సంస్థ నిర్మాణం చేపట్టిన ఈ విమానాశ్రయానికి 3.8 కిలోమీటర్ల రన్‌వే, తొలి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులు దాటిపోయేంత సామర్థ్యం అని లెక్క. విశాఖలో ఇన్నాళ్లూ విమానాలు దిగింది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో. రన్‌వే నౌకాదళానిది. వాళ్ల అవసరాలు తీరగా మిగిలిన వేళలే పౌర విమానాలకు దక్కేవి. సింగపూర్‌కు స్కూట్, 2024లో కౌలాలంపూర్‌కు ఎయిర్‌ఏషియా, దేశం లోపల ఇండిగో, ఇలా విశాఖను బయటి లోకంతో కలిపినవి చాలావరకు చౌక టికెట్ల సంస్థలే. వాటికి కావలసింది తెల్లవారుజామునైనా అర్ధరాత్రి అయినా తెరిచి ఉండే రన్‌వే. 2020లో చట్టం చేసి విశాఖను పరిపాలనా రాజధాని అన్నారు, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. రాజధాని మాట వచ్చి పోయింది గానీ విమానాశ్రయం అవసరం పోలేదు. దానికి పెట్టిన పేరు మన్యం తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజుది. పేరు పెట్టుకోవడం ఊరికే జరిగే పని కాదని, పెట్టుకున్నవాళ్లు పేరిచ్చినవాళ్లకు ఏదో ఒక రూపంలో బాకీ పడతారని నేను గట్టిగా నమ్ముతాను. భోగాపురం ఆ బాకీ పడింది మన్యానికి.

ఇక్కడొక అభ్యంతరం వెంటనే వస్తుంది. సీతారామరాజు 1897 జూలై 4న పుట్టింది పాండ్రంగిలో. అది భోగాపురానికి దగ్గరలోనే, పద్మనాభం మండలంలో, గోస్తనీ నది ఒడ్డున ఉన్న మైదానపు ఊరు. అంటే విమానాశ్రయం పెట్టుకున్నది తన పొరుగు ఊరి బిడ్డ పేరే కదా, కొండలకు ఇందులో హక్కేముంది అనవచ్చు. నిజమే, పుట్టుక ఇక్కడిదే. కానీ పాండ్రంగిలోనే ఉండిపోయిన రామరాజు పేరు ఏ విమానాశ్రయానికీ ఎక్కేది కాదు. ఆ పేరుకు వెల వచ్చింది చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద 1922 ఆగస్టులో వరుసగా మూడు రోజులు ఆయన చేసిన దాడుల్లో. గాం గంటందొర, గాం మల్లుదొర వంటివాళ్లు, పేర్లు చరిత్రకెక్కని వందలమంది ఆయన వెనక నడిచారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన ప్రాణం పోయింది. పాండ్రంగి పక్కన పారే గోస్తని కూడా పుట్టింది అనంతగిరి కొండల్లోనే. బొర్రా గుహల్లోంచి కిందికి దూకి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీరైనా పేరైనా మైదానానికి పైనుంచి దిగి వచ్చినవే.

ఆ పోరాటం దేని మీద మొదలైందో గుర్తు చేసుకుంటే బాకీ స్వభావం తెలుస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును, అడవిలో కదలికను కట్టడి చేసింది. అది ఏళ్ల తరబడి లోలోపల రగిలిన కడుపుమంట. దానికి నిప్పు అంటించింది మాత్రం ఒక రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు కొండల్లోకి దారి వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని తోలుకొచ్చి, కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించాడు. ఆ దారి కావాలని కొండవాళ్లు అడగలేదు. అది వాళ్ల కోసం వేసిందీ కాదు. కలప దిగడానికి, పోలీసులు ఎక్కడానికి వేసింది. రాళ్లు కొట్టినవాళ్లు ఎవరు, ఆ దారిన నడిచేవాళ్లు ఎవరు అన్న ప్రశ్న తుపాకులు పట్టేదాకా తీసుకెళ్లింది. మన చరిత్ర పుస్తకాలు రంప తిరుగుబాటును స్వాతంత్ర్య పోరాటంలో ఒక అధ్యాయంగా చెప్పి ముందుకు సాగిపోతాయి. అది అంతే స్పష్టంగా ఒక దారి మీద తగాదా కూడా. ఆ తగాదాలో ప్రాణం ఇచ్చినవాడి పేరు, వందేళ్లు తిరిగేసరికి, దారులన్నిటిలోకి పెద్ద దారికి పెట్టాం.

రెండో దారి ఇనుపది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం తూర్పు కనుమలను సొరంగాలతో తొలుచుకుంటూ వెళ్తుంది. విశాఖ నుంచి అరకు చేరేలోగానే 50కి పైగా సొరంగాలు దాటాలి. దారిలో 997 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం దానికి పేరు. ఇంత కష్టపడి 1960లలో ఆ లైను వేసింది అరకు అందం చూడడానికి కాదు, అరకు జనం కిందికి దిగడానికీ కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు చేరడానికి. ఖనిజం బళ్లు రాత్రనక పగలనక దిగుతూంటే, కొండ జనానికి చాలా ఏళ్లు దిక్కు పగటి పూట నడిచే ఒక్క కిరండూల్ పాసింజరు. దాన్ని అందుకోలేకపోతే మళ్లీ రేపే. 2017లో ఆ బండికి అద్దాల పెట్టె తగిలించారు. చూడడానికి వచ్చేవాళ్ల కోసం పెట్టె వచ్చింది, మంచిదే. అరవై ఏళ్లుగా ఆ సొరంగాలు దాటి దిగిపోయిన ఖనిజం విలువలో ఈ దారి పొడవునా ఉన్న గూడేలకు ఏం మిగిలిందని ఎవరూ కూర్చుని లెక్క కట్టలేదు.

ఇక మూడో దారి ఆకాశం మీదుగా వస్తోంది. చౌక విమానం అనే మాటను కొంచెం విప్పి చూడాలి. టికెట్‌లోంచి భోజనం తీసేశారు, సామానుకు వేరే లెక్క, విమానం దిగిన అరగంటలోపే మళ్లీ ఎగరాలి. ఇవి పైకి కనబడే పొదుపులు. కనబడనివి కొన్ని ఉన్నాయి. షార్లెరువాలో రైయన్‌ఎయిర్‌కు అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చిన రాయితీలు ప్రభుత్వ సాయమేనని 2004లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. 2008లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసిందనుకోండి, అయినా సంగతి బయటపడింది. టికెట్‌లో తగ్గిన డబ్బు మాయమైపోదు, ఎక్కడో ఎవరి ఖాతాలోనో పడుతుంది. ఐరోపాలో అది పన్ను కట్టే జనం ఖాతాలో పడింది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో హాన్ చెప్తుంది: 2021లో ఆ విమానాశ్రయం దివాలా తీసింది. భోగాపురంలో దిగేవాళ్లలో చాలామంది చూపు కొండ మీదే ఉంటుంది. విజయనగరం, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కేస్తే అనంతగిరి, బొర్రా, అరకు. వలిసెపూలు పూసే నవంబరు, డిసెంబరు నెలల్లో, లంబసింగిలో మంచు కురిసే రోజుల్లో, వంజంగి మేఘాల కొండ మీద తెల్లవారేటప్పుడు ఇప్పటికే కాలు పెట్టే చోటు ఉండదు. రెండు వేల రూపాయల టికెట్‌తో హైదరాబాదు నుంచో, పది వేలతో సింగపూర్ నుంచో వచ్చేవాళ్లు ఇప్పటి జనానికి తోడైతే, టికెట్‌లో మిగిలిన డబ్బు ఖర్చు రూపంలో పడేది కొండ ఖాతాలోనే. ఊటనీటిని హోటళ్లు పంపు పెట్టి తోడుకుంటాయి. ప్లాస్టిక్ గెడ్డల్లో తేలుతుంది. రోడ్డు పక్క ఎకరం మీద బయటివాడి కన్ను పడుతుంది.

జనం వస్తే డబ్బు వస్తుంది కదా, బొంగు చికెన్ అమ్మేవాళ్లకు, జీపులు నడిపేవాళ్లకు, థింసా ఆడేవాళ్లకు నాలుగు రాళ్లు రావా అని అడిగేవాళ్లను నేను తేలిగ్గా తీసెయ్యను. వస్తాయి. వచ్చిన డబ్బు ఎవరి దగ్గర నిలుస్తుందన్నదే నా ప్రశ్న. దానికి జవాబు కూడా ఆ కొండల్లోనే దొరుకుతుంది. అరకు కాఫీ సంగతి చూడండి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన ఆ గింజ పండించేది పెద్ద ఎస్టేట్ల దొరలు కారు, ఎకరం రెండెకరాల గిరిజన రైతులు. అది అలా ఉండడానికి ఒక చట్టం కాపు కాసింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1959 నాటి నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ. మన్యంలో చదువు రానివాళ్లు కూడా దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అనే పిలుస్తారు. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి అరకు కాఫీ ఊటీ, కొడగుల దారే పట్టేది, దాన్ని పండించినవాళ్లు కూలీలుగా మిగిలేవాళ్లు. పర్యాటకానికి అలాంటి కంచె గట్టిగా లేదు. బినామీ పేర్ల మీద లేచే రిసార్టులో కొండవాడికి దక్కేది కాపలా ఉద్యోగం, పళ్లేలు కడిగే పని. తన ఇంట్లో రెండు గదులు కట్టి అతిథులకు ఇచ్చుకునే గిరిజన కుటుంబానికి దక్కేది ఆదాయం. వచ్చే జనం వాళ్లే, డబ్బు చేరే చేతులు మాత్రం వేరు. (విమానాశ్రయంతో కాఫీ ఎగుమతి పెరుగుతుందని కొందరు అంటున్నారు. పచ్చి కాఫీ గింజ వెళ్లేది ఓడలో. విమానం అందుకుంటే అందుకోవలసింది లంబసింగి స్ట్రాబెర్రీ లాంటి రెండు రోజుల్లో పాడైపోయే సరుకు. దానికి చల్లటి గిడ్డంగి కొండ మీద ఉండాలి, భోగాపురంలో కాదు.)

బాకీ ఎంత అన్నదానికి కొలత కొత్తగా కనిపెట్టక్కర్లేదు. గోస్తని పుట్టే ఆ కొండల్లోనే ఒకటి పుట్టింది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తే, గిరిజనేతర సంస్థకు ఆ భూమి లీజుకిచ్చే హక్కు దానికీ లేదు అన్నది అందులో ప్రసిద్ధమైన మాట. అంతగా ప్రచారంలోకి రాని మాట ఇంకొకటి ఉంది. అక్కడ జరిగే పరిశ్రమ, వ్యాపారాల నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి, ఆ ప్రాంతంలో నీటివసతి, బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం, రోడ్లు చూడాలని. ఖనిజాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట అది. నేను అడిగేది ఆ సూత్రాన్ని అందానికీ వర్తింపజేయమని. కొండ లోపలి రాయిని అమ్మితే వాటా ఇవ్వాలన్నప్పుడు, కొండ మీది మంచును, పూలను, గుహలను, చివరికి కొండ వీరుడి పేరును అమ్ముకుంటే వాటా ఎందుకు ఇవ్వకూడదు?

రాయి తవ్వితే తరుగుతుంది, చూస్తే కొండ తరుగుతుందా అని అడగవచ్చు. బాగా ఆలోచించి వేసిన ప్రశ్నే. ఒక్కడు చూస్తే తరగదు. లక్షమంది చూడడానికి రోడ్డు వెడల్పవ్వాలి, వాహనాలు నిలపడానికి చదును కావాలి, స్నానానికి నీళ్లు కావాలి, విసిరేసిన సీసాలు ఎక్కడో పడాలి. వలిసెపూల చేలో ఫొటో కోసం దిగిన కాళ్ల కింద నలిగేది నూనెగింజ పంట. ఆ రైతు దాన్ని సంతలో అమ్ముకోవాలి. చేలోకి దిగడానికి ఇంత అని వసూలు చేయడం రైతులు తామే నేర్చుకున్నారు. ఆ చిన్న వసూలును చూసి విసుక్కునే పర్యాటకులకు నేను చెప్పేది ఒకటే. ఈ మొత్తం వ్యవహారంలో న్యాయంగా రాసిన బిల్లు అదొక్కటే.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. కొండల్లో రోడ్లు వేయడం ప్రభుత్వం పని, దాన్ని ఒక విమానాశ్రయం నెత్తిన పెడితే ఎలా? 516ఈ జాతీయ రహదారి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వరకూ వెడల్పవుతోంది. రామరాజు తిరిగిన చోట్లన్నిటినీ ఒకే దారిలో గుచ్చినట్టుగా ఉంటుంది ఆ మార్గం. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడు నుంచి ప్రభుత్వం అడవి తల్లి బాట పేరిట గూడేలకు రోడ్లు మొదలుపెట్టింది. మంచి పనులు, కాదనను. కానీ పెద్ద దారికీ చిన్న దారికీ వేగాల్లో తేడా చూడండి. పర్యాటకుడు వచ్చే రోడ్డు ముందు పూర్తవుతుంది. గూడెం నుంచి ఆ రోడ్డు దాకా ఉండే నాలుగైదు కిలోమీటర్లు అంచనాల్లో, అటవీ అనుమతుల్లో, బిల్లుల్లో ఇరుక్కుంటాయి. నొప్పులు పడుతున్న తల్లిని దుప్పటి కట్టిన కర్ర మీద నలుగురు మోసుకొచ్చేది ఆ నాలుగైదు కిలోమీటర్లే. డోలీ మోతల వార్తలు ఏ వానాకాలంలోనూ ఆగినట్టు లేవు. పెద్ద దారి వల్ల లాభపడేవాడు చిన్న దారికి చందా వేయాలనడం ప్రభుత్వాన్ని తప్పించడం కాదు, ఆలస్యమయ్యే పనికి ఒక పూచీ కల్పించడం.

పూచీకి తోవ కూడా కష్టమైనదేమీ కాదు. భోగాపురం కాంట్రాక్టు ప్రయాణికుడికి ఇంత అని ప్రభుత్వానికి చెల్లించే పద్ధతిలో కుదిరింది. 60 లక్షల మంది ప్రయాణికులు, ఒక్కొక్కరి నుంచి వచ్చేదాంట్లో పది రూపాయలు కొండలకు విడదీస్తే ఏడాదికి ఆరు కోట్లు. ఆ పది రూపాయలు టెర్మినల్‌లో అమ్మే మంచినీళ్ల సీసా ధరలో చిన్న భాగం. దీనివల్ల చౌక విమానాలు పారిపోతాయంటే నమ్మలేను. ఆరు కోట్లతో మన్యం మారిపోదు, అదీ ఒప్పుకుంటాను. ఒక గూడెం దారి, ఒక గెడ్డ మీద వంతెన, ఊటకు ఒక గట్టు, బైకు అంబులెన్సుకు పెట్రోలు, ఇలా ఒక్కొక్కటిగా చూడాలి. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో అమరావతిలో కూర్చున్నవాళ్లు చెప్పకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన మాట అందుకే ఉంది. ఇదంతా చెప్తూ భోగాపురం పక్క ఊళ్లను మరిచిపోతే తప్పు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లకు ఊళ్లే కదిలిపోయాయి. జీడిమామిడి, కొబ్బరి తోటలు రన్‌వే కిందికి వెళ్లిపోయాయి. మొదట్లో 15,000 ఎకరాలన్న మాట 2,200కు దిగింది వాళ్లు ఏళ్ల తరబడి పోరాడబట్టే. వాళ్ల బాకీ వేరే పద్దు, దాన్ని కొండ పద్దులో కలిపేయకూడదు.

గిరిజనులను అలాగే వదిలేయండి, వాళ్ల ప్రశాంతత వాళ్లది అనే వాదన కూడా వింటుంటాం. పట్నంలో కూర్చుని చెప్పే ఈ మాట నాకు మింగుడు పడదు. మన్యం ఎప్పుడూ మూసుకుని లేదు. అడ్డాకులు, పసుపు, పిప్పళ్లు, చింతపండు, రాజ్మా మోసుకుని కొండవాళ్లు సంతకు దిగుతూనే ఉన్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టిందే ఆ సరుకుకు దళారీల చేతిలో మోసం జరగకుండా చూడడానికి. ఆ పిల్లలు రేపు బెంగుళూరుకో, దుబాయికో చౌక టికెట్ మీదే ఎగురుతారు. ఎగరాలి కూడా. ఒకప్పుడు విమానం అంటే మంత్రులకూ వ్యాపారులకూ మాత్రమే. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాక మామూలు మనిషికీ అందుబాటులోకి వచ్చింది. ఆ మంచిని కాదనేవాణ్ని కాను. ఆ కుర్రవాడు భోగాపురం దాకా రావడానికి తన గూడెం నుంచి మొదటి కిలోమీటరు ఎలా దాటుతాడన్నదే మిగిలిన ప్రశ్న. సామాను భుజాన వేసుకుని వానలో గెడ్డ దాటి, ఆ తర్వాత బస్సు కోసం నిలబడి, చివరికి గాలిలో ఒకటిన్నర గంట. మొదటి కిలోమీటరు చౌక కానంతవరకూ మిగతా వేయి కిలోమీటర్లు చౌక అయినా అతనికి ఒరిగేది తక్కువ.

రామరాజు గురించి చెప్పే సంగతుల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులు తీసుకున్నాక ఆయన చీకట్లో జారిపోలేదు. ఏమేం తీసుకున్నాడో ఠాణా పుస్తకంలోనే రాసి, కింద సంతకం పెట్టి వెళ్లాడు. ఆ పేరు పెట్టుకున్న టెర్మినల్‌లో, ప్రయాణికులు సామాను కోసం నిలబడే చోట, అందరికీ కనబడేలా అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. ఒక గడిలో ఈ నెల ఎంతమంది దిగి కొండెక్కారో, కొండ నుంచి ఎంత ఆదాయం వచ్చిందో. పక్క గడిలో అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, చింతపల్లి మండలాల్లో ఏ గూడేనికి ఎన్ని మీటర్ల దారి పడిందో, ఇంకా డోలీ మీదే మోస్తున్న ఊళ్లు ఎన్నో. అంకెలు ఎప్పటికప్పుడు మార్చాలి. రెండో గడి ఖాళీగా ఉన్న నెలలో ఆ ఖాళీనే ఉంచి, కింద ఎవరో ఒక అధికారి సంతకం పెట్టాలి.